సంపులో మైలుతుత్తం

ఆ బళ్ళో పిల్లలు ఆమెకి పెట్టుకున్న పేరు యాసిడ్ టీచర్. కెమిస్ట్రీ చెబుతుంది కాబట్టి కొంత, కోపమొస్తే ఎదుటివాళ్ళ మొహం మీద బొబ్బలెక్కేలా మాట్లాడుతుంది కాబట్టి మిగతాది. ఆ పేరు ఒకరోజు ఆమె చెవిన పడనే పడింది. వెనక బెంచీ వాళ్ళంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, ఆమె చాక్‌పీసు కింద పెట్టి, "నన్నేమన్నా అనుకోండి. యాసిడ్‌లోకి నీళ్ళు పొయ్యకూడదు, నీళ్ళలోకే యాసిడ్ కొంచెం కొంచెంగా పొయ్యాలి. ఆ ముక్క మర్చిపోతే మాత్రం చెబుతా మీ పని" అని మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

బడి ఆమె సొంత అన్నయ్యది. వదిన ప్రిన్సిపాలు. అయినా మేడమీద ల్యాబ్‌లో మాత్రం ఆమె మాటే చెల్లేది. గ్లౌజులు లేకుండా సీసా ముట్టుకుంటే బయటికి. కళ్ళద్దాలు పెట్టుకోకుండా పరీక్షనాళిక పట్టుకుంటే బయటికి. ఒక పిల్ల మైలుతుత్తం పలుకు చేతిలో పెట్టుకుని, "ఎంత బాగుందో టీచర్, నోట్లో వేసుకోవాలనిపిస్తోంది" అంది. అంతే, ఆ పూట ప్రయోగం ఆగిపోయింది. కాపర్ సల్ఫేటు కడుపులోకి పోతే ముందు వాంతులెలా అవుతాయో, ఆ తర్వాత పేగుల్లో మంటేమిటో, ఇంకా ఎక్కువైతే కాలేయమూ మూత్రపిండాలూ ఏ గతి పడతాయో గంటసేపు వివరించింది. ఆ పిల్ల ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదట.

ప్రయోగం అయ్యాక మిగిలిన ద్రావణాన్ని సింకులో ఒక్క చుక్క పొయ్యనిచ్చేది కాదు. నీలం రంగు కాపర్ సల్ఫేటు, లేతాకుపచ్చ అన్నభేది, రంగులేని జింక్ సల్ఫేటు, అన్నీ మూలనున్న ప్లాస్టిక్ డ్రమ్ములోకే. డ్రమ్ము నిండాక బట్టల సోడా కలిపి, అడుక్కి దిగిన మడ్డిని వేరు చేసి, రసాయనాల చెత్త పట్టుకుపోయే బండికి అప్పగించాలన్నది ఆమె పట్టు. బండిని పిలవమంటే అన్నయ్య "చూద్దాంలే" అనేవాడు. ఆ చూద్దాంలు పేరుకుని డ్రమ్ము నిండింది.

సింకు గొట్టం సంగతీ అంతే. అది పాత ఇనప గొట్టం. మేడమీంచి గోడ వెంబడే కిందికి దిగి, తాగేనీళ్ళ సంపుని ఆనుకుని పోయి కాలవలో కలుస్తుంది. ఆమె రాకముందు ఏళ్ళ తరబడి అందులో పొయ్యనిది లేదు. సంపు దగ్గర గోడ మీద పచ్చటి చెమ్మ మరక చూసి, "అన్నయ్యా, ఇది పాచి కాదు, గొట్టం తినేస్తోంది, మార్పించు" అని చెప్పింది. ఆయన మనిషిని పిలిపించాడు. ఆ మనిషి మరక మీద సున్నం కొట్టి పోయాడు.

పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడి ఆమె కొన్నాళ్ళు వేరే ఊరెళ్ళింది. తిరిగొచ్చిన రోజు ఉదయం మెట్లెక్కి ల్యాబ్ తలుపు తీసేసరికి, లోపల అద్దంలా మెరిసిపోతోంది. అలమరలు ఖాళీ. సీసాలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. మూల డ్రమ్ము కూడా బోర్లించి ఉంది. సింకు అంచున మాత్రం నీలపు చారలు.

ల్యాబ్ అటెండరు గుడ్డతో బల్ల తుడుస్తున్నాడు. వయసు మళ్ళినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. అందరికీ బాబాయే.

"బాబాయ్, సీసాల్లో మందులేవి?"

"రేపు ఇన్‌స్పెక్షనంటమ్మా. గడ్డలు కట్టిన పాత సీసాలు కనబడితే బాగోదని ప్రిన్సిపాలమ్మగారు..."

"ఏవి అని అడుగుతున్నా."

ఆయన బల్ల మీద లేని మరకని తుడవడం మొదలుపెట్టాడు. "నిన్న సాయంత్రం సింకులో పోసేశామమ్మా."

"డ్రమ్ములోది?"

"అదీనమ్మా."

"మూల సంచిలో మైలుతుత్తం ఉండాలి. సగం సంచీ."

అన్నయ్య చవగ్గా వస్తోందని పురుగుమందుల కొట్లో ఏకంగా సంచీ కొని పడేసిన సరుకది. చిన్న బడికి పదేళ్ళు వాడినా అయిపోదు.

"అది రాయిలా బిగుసుకుపోయిందమ్మా. వేణ్ణీళ్ళు పోసి, కర్రతో కలియబెట్టి, కరిగించి మరీ..."

చెప్పుకుంటూ ఆయన చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఆమె ముందుకి లాగి చూసింది. గోళ్ళ మొదళ్ళు పచ్చబడి, వేళ్ళ సందుల్లో చర్మం పొరలుపొరలుగా లేచిపోయి ఉంది.

"గ్లౌజులేమయ్యాయి?"

"బీరువాలో ఉన్నాయిగా. తాళాలు మీ దగ్గరే..."

ఆమెకి ఆయన మీద అరవాలనిపించింది. ఆ వేళ్ళు చూశాక మానుకుంది. కుళాయి కింద చేతులు పెట్టించి, సబ్బుతో కడిగించి, ఆ కోపమంతా కూడగట్టుకుని గబగబా మెట్లు దిగింది.

వదిన గదిలో ఫోన్లో ఉంది. ఆమెని చూడగానే ఫోను పెట్టేసి, "వచ్చావా? కూర్చో, కాఫీ తాగుతావా?" అంది.

"సింకులో ఎవరు పొయ్యమన్నారు వదినా?"

"ఓ, అదా. నేనే. గది ఎంత శుభ్రంగా ఉందో చూశావా?"

"శుభ్రమా! విషం తీసుకెళ్ళి కాలవలో కలిపి శుభ్రమంటావా? అది చెరువులోకి పోతుంది, చేపలకి పోతుంది, పొలాలకి పోతుంది. నేనిన్నాళ్ళూ ఆ డ్రమ్ముకి కాపలా కాసింది సరదాకా? ఆ ముసలాయన వేళ్ళు చూశావా నువ్వు?"

"గొంతు తగ్గించు. పిల్లలు వింటారు." వదిన లేచి తలుపు దగ్గరికేసింది. "నువ్వు రాకముందు అందరూ సింకులోనే పోసేవాళ్ళు. ఎవరైనా చచ్చారా? నీళ్ళలో కలిసిపోయేదానికి ఇంత రాద్ధాంతమేంటమ్మా?"

యాసిడ్ టీచర్ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం వచ్చేదో గానీ, అంతలో మూడో తరగతిలో కలకలం మొదలైంది. కుర్చీ పడ్డ చప్పుడు, టీచరమ్మ కేక, ఆ వెంటనే పిల్లల ఏడుపులు. వదినా ఆడపడుచూ పోట్లాట అక్కడే వదిలేసి పరిగెత్తారు.

గదిలో నలుగురైదుగురు పిల్లలు బెంచీల మీద వంగిపోయి వాంతులు చేసుకుంటున్నారు. చూస్తుండగానే ఇంకో ఇద్దరు. నేలంతా నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు. బల్ల మీద సగం తిన్న పుట్టినరోజు కేకు. దాని మీద కూడా నీలం రంగు క్రీమే.

"పొద్దున్నే ఒకళ్ళమ్మ ఇంట్లో చేసి పంపించింది మేడమ్" అంది క్లాసు టీచరు. "తిని నీళ్ళు తాగొచ్చిన కాసేపటికే ఇలా."

"రంగు చూడు, ఏం చెత్త కలిపిందో!" అంది వదిన. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన యాసిడ్ టీచరు కూడా అదే అనుకుంది.

వీధి చివర ఆసుపత్రికి ఎవరికి దొరికిన పిల్లని వాళ్ళు ఎత్తుకుపోయారు. మంచాలు చాలక ఇద్దరిద్దరిని ఒక్కో మంచం మీద పడుకోబెట్టారు. క్షణాల్లో వార్త పాకింది. తల్లులు, తండ్రులు, ఆఫీసుల్లోంచి వచ్చినవాళ్ళు, చేతికి అంటిన పిండి కడుక్కోకుండా వచ్చినవాళ్ళు, వరండా నిండిపోయింది. అన్నయ్య మధ్యలో నిలబడి చేతులూపుతూ చెబుతున్నాడు.

"బయటి తిండి బళ్ళోకి తేవద్దని మేం నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉన్నాం. వినరే! ఇప్పుడు చూడండి. ఆ కేకు చేసినావిడ మీద మేమే కేసు పెడతాం."

అప్పుడొచ్చింది ఆ కేకు చేసినావిడ. బస్సు కండక్టరు. బస్సుని దారిలో వదిలేసి వచ్చినట్టుంది, యూనిఫాం ఒంటి మీదే ఉంది, టికెట్ల మిషను భుజానికి వేలాడుతూనే ఉంది. కిక్కిరిసిన బస్సుని ఒక్క అరుపుతో వెనక్కి జరపగల మనిషి. వరండాలో ఎదురుపడిన ముఖాలు చూసి ఆవిడ గొంతు లోపలే ఉండిపోయింది.

"ఏం కలిపావమ్మా కేకులో?"

"నీ పిల్ల పుట్టినరోజుకి మా పిల్లల్ని చంపుతావా?"

"మా పాప కూడా తిన్నదండీ" అంది కండక్టరు. "నేనూ తిన్నా పొద్దున. మంచి సరుకేనండీ, పాకెట్టు కూడా ఇంట్లో ఉంది..." ఎవరో ఆవిడ భుజం పట్టి తోశారు. మిషను గోడకి తగిలి టప్పున మోగింది. ఆవిడ ఆ మిషన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని, తన పాప ఏ మంచం మీదుందో కూడా అడగలేక నిలబడిపోయింది.

యాసిడ్ టీచరు పిల్లల మంచాల మధ్య తిరుగుతోంది. గోడ వారగా ఒక పిల్ల అందరికంటే ఎక్కువ తోటకూర కాడలా వాలిపోయి ఉంది. పక్కన కూర్చుని నుదురు తుడిచింది.

"కేకు ఎంత తిన్నావమ్మా నువ్వు?"

"నేను తినలేదు టీచర్."

"భయపడకు, ఏమీ అననులే. ఎంత తిన్నావు?"

"నిజంగా తినలా. ఆ పుట్టినరోజు పిల్ల నాతో కటీఫ్. కేకు ఇస్తే నేను తీసుకోలేదు." పిల్లకి అంత నీరసంలోనూ మూతి ముడుచుకుంది. "కోపమొచ్చి పోయి కుళాయి దగ్గర నీళ్ళు తాగా. కడుపు నిండా తాగా. అవీ బాలేవు టీచర్. చిల్లర నాణెం నాకినట్టున్నాయి."

 నాణెం నాకినట్టు! సింకు, గొట్టం, సున్నం కొట్టిన గోడ, దాని పక్కనే సంపు, పొద్దున్నే ట్యాంకు నింపిన మోటారు. ఆమె మనసులో ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆ గదిలోంచే బాబాయికి ఫోన్ చేసింది.

"మోటారు ఆపెయ్. ట్యాంకు వాల్వు కట్టెయ్. బళ్ళో ఎవ్వరూ ఒక్క గుక్క నీళ్ళు తాగకూడదు. ప్రిన్సిపాలమ్మ వద్దన్నా సరే, నా పేరు చెప్పి ఆపు."

తర్వాత డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది. "కేకు కాదండీ. కాపర్ సల్ఫేటు. తాగేనీళ్ళలో కలిసిందని నా అనుమానం. పరీక్ష చేసి చెబుతా."

డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మీరు చేసి రండి. అంతవరకూ నేను ఆగను. అదే అనుకుని రక్తాలు పరీక్షకి పంపిస్తా. ఆ పిల్లకే ముందు" అని నర్సుని కేకేసింది.

బళ్ళో సంపు మూత తెరిచే ఉంచాడు బాబాయి. యాసిడ్ టీచరు ముందు గోడ చూసింది. సున్నం పొక్కిపోయి ఊడి వచ్చింది. దాని వెనక గొట్టం మోచేతి వంపు దగ్గర వేలు పట్టేంత కన్నం, దాని చుట్టూ నీలంగా పేరుకున్న పెళుసు. అక్కణ్ణుంచి తడి చార నేరుగా సంపు గోడ పగుల్లోకి పోయింది. సంపులోకి దిగే ఇనప మెట్టు నీళ్ళలో మునిగినంత మేర ఎర్రగా, కొత్త రాగిచెంబులా ఉంది. ఇనుము మీద రాగి ఎక్కితే వచ్చే రంగది. ఏటేటా పిల్లలకి మేకుతో చేసి చూపించే ప్రయోగం. ఇప్పుడు పిల్లలు తాగే నీళ్ళలోనే జరిగింది.

పొడుగాటి గాజు జాడీలో కుళాయి నీళ్ళు పట్టింది. ఇంకో జాడీలో పక్క కొట్టువాళ్ళ బోరునీళ్ళు. గ్లౌజులు తొడుక్కుని రెంటిలోనూ అమ్మోనియా పోసింది. రాగి ఉంటే నీలం తిరగాలి. బోరునీళ్ళు అలాగే ఉన్నాయి. బడి నీళ్ళని పైనించి చూస్తే ఆకాశమంత నీలం కనబడింది.

వదిన వెనక నిలబడి ఉంది. ఎంతసేపయిందో.

"ఇది... నేను పోయించిందేనా?"

"అవును."

వదిన మెట్ల మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆరో తరగతిలో కూడా ఇద్దరు కడుపులో తిప్పుతోందంటున్నారు. ఆటల పీరియడ్ అయ్యి వచ్చి తాగారట."

"మరి ఇక్కడేం చేస్తున్నావు? ఆసుపత్రికి పంపించు. మిగతా తరగతుల్లో ఒక్కొక్కరినీ అడుగు, తాగారా, ఎంత తాగారు, ఎలా ఉంది. వెళ్ళు వదినా, ఏడవడం తర్వాత!"

వదిన లేచింది. అదే సమయానికి గేటు దగ్గర అన్నయ్య కారు ఆగింది. సంపు మూత, జాడీలు, చెల్లెలి ముఖం, మూడూ చూసేసరికి ఆయనకి చెప్పకుండానే తెలిసిపోయింది. వెనక్కి తిరిగి గేటు మూసి తాళం వేశాడు.

"ఆ జాడీ లోపల పెట్టు" అన్నాడు మెల్లగా.

"ఆసుపత్రికి పట్టుకెళ్తున్నా."

"చెల్లీ, నా మాట విను. పిల్లలకి వైద్యం జరుగుతోందిగా. డాక్టరుకి నువ్వు చెప్పే ఉంటావుగా. ఇంకేం కావాలి? సంపు ఈ పూటే తోడించేద్దాం. గొట్టం రేపే మారుద్దాం. బయట ఎలాగూ కేకే కారణమనుకుంటున్నారు. అనుకోనీ."

"ఏమన్నావు?"

"ఆవిడకేం పోతుంది? కాసేపు నాలుగు తిట్లు. నాకైతే బడి పోతుంది. ఇరవయ్యేళ్ళ కష్టం."

 "ఆవిణ్ణి గోడకేసి తోశారన్నయ్యా. నువ్వు చూస్తూ నిలబడ్డావు. ఆవిడ పిల్ల సెలైను పెట్టుకుని పడుకుంటే, ఆ పిల్లనే చంపబోయిందని ఆవిణ్ణి..."

"సరే, కేకు సంగతి వద్దు. బాబాయి పొరపాటున పోశాడందాం. పెద్దవాడు, తెలియక చేశాడంటే ఎవరూ ఏమీ చెయ్యరు. ఆయన్ని నేను చూసుకుంటా."

బాబాయి అక్కడే ఉన్నాడు.  పాడైన చేతులు రెండూ చంకల్లో దోపుకున్నాడు.

"సిగ్గుందా నీకు?" ఆమె గొంతు వీధిలోకి వినిపించింది. "గొట్టం కుళ్ళిందని చెప్పింది నేను. సున్నం కొట్టించింది నువ్వు. బండి పిలవమంది నేను. చూద్దామంది నువ్వు. సంచీ కొన్నది నువ్వు. పొయ్యమంది నీ పెళ్ళాం. ఇంతమంది చదువుకున్నవాళ్ళం చేసిన పాడుపనికి ఆ ముసలాయన వేళ్ళు చాలలేదు, ఆయన మెడ కూడా కావాలా?"

"నువ్వు నా చెల్లెలివా, పగదానివా? నీ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ బడి వల్లే, అది గుర్తుంచుకో."

"ఈ బడి జీతమే తిన్నా, ఈ నీళ్ళే తాగా. ఇవాళ పొద్దున కాస్త ముందొచ్చి ఉంటే నేనూ ఆ మంచం మీదే ఉండేదాన్ని. నీకప్పుడు ఇంకా సుఖంగా ఉండేది. తాళం తియ్యి."

ఆయన గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.  అప్పుడు వదిన వచ్చింది. భర్త చేతిలోంచి తాళంచెవి తీసుకుంది. ఆయన ఆశ్చర్యంలో ఇచ్చేశాడో, వదిన లాక్కుందో సరిగ్గా చెప్పలేం. గేటు తీసి, "వెళ్ళు. నేను పోయించానని చెప్పు. నా పేరే చెప్పు" అంది ఆడపడుచుతో, ముఖం చూడకుండా.

ఆసుపత్రి వరండాలో జనం ఇంకా పెరిగారు. కండక్టరు ఒక మూల నేలమీద కూర్చుని ఉంది. ఆవిడ చుట్టూ ఒక మనిషి పట్టేంత ఖాళీ, అంటువ్యాధి ఉన్నట్టు. యాసిడ్ టీచరు జాడీలు రెండూ రిజిస్ట్రేషను బల్ల మీద పెట్టింది.

"అందరూ ఇటు చూడండి. ఇది పక్క కొట్టువాళ్ళ నీళ్ళు. ఇది మా బడి నీళ్ళు. రెంట్లోనూ ఒకే మందు పోశా. పైనించి చూడండి. ఈ నీలం కాపర్ సల్ఫేటు. మీరు మైలుతుత్తం అంటారు. మా ల్యాబ్‌లోది. పారబొయ్యకూడని చోట మేం పారబోశాం, గొట్టం చిల్లుపడి ఉంది, తాగేనీళ్ళలో కలిసింది. కేకులో ఏమీ లేదు. కేకు ముట్టుకోని పిల్లే అందరికంటే ఎక్కువ జబ్బుపడింది, పోయి అడగండి."

ఒక్కొక్కరే వచ్చి జాడీలోకి తొంగి చూశారు. గుసగుసలు కాస్తా అరుపులయ్యాయి. ఇప్పుడా అరుపులు ఆమె మీదకి తిరిగాయి.

"మీరు టీచర్లేనా అసలు?"

"అరవండి" అంది ఆమె. "నన్ను అరవండి, మా అన్నయ్యని అరవండి, న్యాయం. కానీ ఇందాక ఆవిణ్ణి తోసిందెవరో వాళ్ళు ముందు ఆవిడ దగ్గరికెళ్ళి, ఆ తర్వాత నా దగ్గరికి రండి."

ఎవరూ ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. కండక్టరే లేచింది. పాప స్కూలు బ్యాగు ఆవిడ దగ్గరే ఉంది. అందులోంచి నీళ్ళ సీసా తీసింది. పొద్దున బళ్ళో నింపుకున్నది, సగం అలాగే ఉంది. చెల్లెలి వెనకాలే వచ్చి గుమ్మంలో ఆగిపోయిన అన్నయ్య దగ్గరికి నడిచింది. మూత తీసింది.

"తాగండి సార్."

ఆయన వెనక్కి తగ్గాడు.

"కేకే కారణమన్నారుగా. మీ నీళ్ళలో ఏమీ లేదుగా. ఒక్క గుక్క." ఆవిడ గొంతు ఇప్పుడు బస్సులో గొంతే. "తాగండి. మా పాప తాగిందిగా."

యాసిడ్ టీచరు అన్నయ్య ముఖం చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమెని వీపున మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మనిషి. ఆ ముఖం మీద ఇప్పుడు చెమట తప్ప ఏమీ లేదు. ఆయన సీసా తీసుకోలేదు. అలాగని తప్పయిందని కూడా అనలేదు. "రేపు మాట్లాడదాం" అని గొణుక్కుంటూ కారెక్కాడు. కండక్టరు సీసాకి మూత బిగించి, దాన్ని డాక్టరమ్మకి ఇచ్చి, అప్పుడు లోపలికెళ్ళి పాప మంచం పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో యాసిడ్ టీచరు గిన్నెలు కడుగుతుంటే ఆ మోతకి పక్కింటివాళ్ళు కిటికీ వేసుకున్నారు. భర్త ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు, నెమ్మదస్తుడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "బావగారూ, ఆవిణ్ణి కాస్త అదుపులో పెట్టమంటున్నారు, వింటున్నా. ఆ పని నా చేతనయ్యేదైతే ఇన్నేళ్ళూ చేసి ఉండేవాణ్ణి కాదా?" అన్నాడు. ఇంకాసేపు విని, నవ్వు మానేసి, "లేదండీ. చెయ్యగలిగినా చెయ్యను" అని పెట్టేశాడు. తర్వాత వచ్చి కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడు గానీ ఆమెకి ఏడుపు రాలేదు.

పిల్లలు చాలామంది మర్నాటికి తేరుకుని ఇళ్ళకెళ్ళారు. కటీఫ్ చెప్పిన పిల్ల మాత్రం ఖాళీ కడుపున తాగింది కాబట్టి పెద్దాసుపత్రికి పంపాల్సొచ్చింది. మూత్రం ఎర్రగా వస్తోందన్న రోజున యాసిడ్ టీచరు ఆ వార్డు బయట గోడకి ఆనుకుని నిలబడి, ఆ పిల్ల తండ్రి తిట్టినంతసేపూ తిట్లు తింది. చివరికి పిల్ల గట్టెక్కింది. పుట్టినరోజు పిల్ల చూడ్డానికి వచ్చి మంచం పక్కన కూర్చుంటే ఇద్దరూ మాట్లాడుకున్నారట.

అధికారులొచ్చి బడికి తాళం వేశారు. సంపు శుభ్రం చేశాకే, గొట్టం మార్చాకే, నీళ్ళు పరీక్షకి పంపి బాగున్నాయని తేలాకే తీస్తామన్నారు. నీళ్ళని కాలవలోకి తోడెయ్యబోయిన పనివాళ్ళని ఆమె తిట్టి ఆపింది. తొట్టెల్లోకి తోడించి, బట్టల సోడా కలిపించింది. పాలు విరిగినట్టు నీలపు మడ్డి విరిగి అడుక్కి దిగింది. పైన తేరిన నీళ్ళకి మళ్ళీ అమ్మోనియా పోసి చూసింది. రంగు రాలేదు. మడ్డిని డ్రమ్ముల్లోకి ఎత్తేటప్పుడు వదిన వచ్చింది. ప్రిన్సిపాలు ఉద్యోగానికి అప్పటికే రాజీనామా ఇచ్చేసింది.

"నేనేం చెయ్యాలి?" అని అడిగింది.

యాసిడ్ టీచరు ఒక జత గ్లౌజులు, కళ్ళద్దాలు విసిరింది. "చిందకుండా మెల్లగా ఎత్తు. మీద పడితే వెంటనే కడుక్కో."

ఇద్దరూ కలిసి ఒక డ్రమ్ము నింపారు.

"నా మీద కోపం పోలేదు కదూ?" అంది వదిన.

"పోలేదు."

"పోకపోతే పోయింది. ఈ మూత సరిగ్గా పడట్లేదు, ఇటు పట్టుకో."

చెత్త బండి ఎట్టకేలకి వచ్చింది, డ్రమ్ములు పట్టుకుపోయింది. ఆ రోజు కూడా అన్నయ్య రాలేదు. బడి మళ్ళీ తెరిచాక, తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి, కాగితం చూసి చదివినట్టు క్షమించమన్నాడు. కండక్టరు మాట ఎత్తలేదు. వెనకనుంచి యాసిడ్ టీచరు లేచి, "ఇంకొకళ్ళకి చెప్పాలి నువ్వు" అంది. అందరి ముందూ. ఆయన మైకు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. బాబాయి పనిలోనే ఉన్నాడు. గ్లౌజుల బీరువాకి ఇప్పుడు తాళం లేదు.

ఒకరోజు బళ్ళో పని చూసుకుని ఇంటికెళ్ళే బస్సెక్కితే, కండక్టరు ఆవిడే. టికెట్టు కొట్టి ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, ముందుకెళ్ళిపోయింది. జనం కాస్త పల్చబడ్డాక వెనక్కొచ్చి ఆమె సీటు కడ్డీ పట్టుకుని నిలబడింది.

"పాపని వేరే బళ్ళో వేశా టీచర్."

"విన్నానండీ. బాగా చదువుతోందా?"

"చదువుకేం. నీళ్ళే తాగట్లేదు." ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "సీసా నిండా ఇంటి నీళ్ళే ఇచ్చి పంపిస్తున్నా. నిండుగానే తెస్తోంది. పెదాలు పగిలిపోతున్నాయి. ఇంట్లో కూడా వాసన చూసి, దీపం దగ్గర పెట్టి రంగు చూసి, నేను ముందు తాగితేనే తాగుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల."

యాసిడ్ టీచరు చేతిలో టికెట్టుని మడతపెట్టింది. 

"మీ మీద నాకేం లేదు టీచర్. మీరు రాకపోతే ఆ రోజు నన్ను కొట్టి ఉండేవాళ్ళే. మీ అన్నయ్య మీద మాత్రం ఉంది. అది పోదు. నేను పోనివ్వను కూడా."

"పోనివ్వకండి" అంది యాసిడ్ టీచరు.

స్టాపు వచ్చింది. కండక్టరు విజిల్ వేసి, దిగేవాళ్ళకి దారి ఇవ్వమని గట్టిగా అరిచింది. జనం పక్కకి జరిగారు. ఆమె దిగింది.